నిమ్మళపు సరంగు

తుల్సీరాం తొందరపడడు. అతని గురించి చెప్పవలసినది ఈ ఒక్క వాక్యమే. మిగిలినదంతా దీనికి వ్యాఖ్యానం. భద్రాచలానికి ఎగువన, గోదావరి మీద, గుమ్మిడిరేవు నుంచి అవతలి ఒడ్డుకు లాంచీ నడిపే సరంగు అతడు. ఆ లాంచీ కదులుతున్నదా, లేక గోదావరే దాని కింద నుంచి మర్యాదగా తప్పుకొంటున్నదా అన్న సందేహం ఒడ్డున నిలబడినవాడికి తీరేది కాదు. నీటికాకులు లాంచీ ముందు కొయ్యమీద వాలి, రెక్కలు ఆరబెట్టుకొని, విసుగుపుట్టి ఎగిరిపోయేవి. ఈదుకుంటూ పోతున్న గేదె ఒకటి లాంచీని దాటిపోయి, వెనక్కి తిరిగి జాలిగా చూసిందని రేవులో చెప్పుకుంటారు. గేదె చూసిన మాట నిజమే కావచ్చు; జాలి మాత్రం రేవువాళ్ల కల్పన.

తొందరపడు అన్న మాటలోనే ఉన్నది చిక్కంతా. తెలుగువాడు తొందరలోనూ పడతాడు, బాధలోనూ పడతాడు, అప్పులోనూ పడతాడు, గోతిలోనూ పడతాడు. అన్నిటికీ ధాతువు ఒక్కటే. లేవడానికి మాత్రం వేరే ధాతువు వెతుక్కోవాలి. తుల్సీరాంకు వ్యాకరణం తెలియదు కాని, పడకుండా ఉండటం తెలుసు.

"తుల్సీరామన్నా, జర జల్దీ పోనియ్యే!" అని ఎవరు అరిచినా అతని సమాధానం ఒకటే.

"నిమ్మళం."

ఖమ్మం పక్కనుంచి అడవి దాకా ఈ మాటకు ఎదురు లేదు. నిమ్మళంగా నడువు అంటే మెల్లగా నడవమని. జరమొచ్చినవాడికి నిమ్మళమైందంటే జ్వరం తగ్గిందని. మెల్లదనానికీ స్వస్థతకూ ఒకే మాట పెట్టుకున్న జనం ఎంతటి తెలివైనవాళ్లో ఆలోచించాలి. నిర్మల శబ్దం నుంచి పుట్టిన మాట అంటారు పెద్దలు. అదే నిజమైతే పొగ లేనిదనే అర్థం కూడా దానికి లాగవచ్చు. లాగవలసిన పని లేకుండానే తుల్సీరాం లాగేశాడు.

ఎందుకంటే అతడు ఓడల నుంచి వచ్చినవాడు. పాల్వంచలో ఫిట్టరు పని నేర్చుకొని, విశాఖపట్నం పోయి, అక్కడ ఓడెక్కి, సరుకు ఓడల అడుగున ఇంజను గదిలో సగం ఆయుష్షు గడిపి, తిరిగి తండాకు వచ్చాడు. వచ్చినవాడు అందరిలా సముద్రం అందం గురించి చెప్పలేదు. ఇంజను గదికి కిటికీ ఉండదు కనుక అతడు సముద్రాన్ని చూసింది తక్కువ. చూసిందల్లా ఓడ తాగే నూనెనూ, కక్కే పొగనూ. ఆ రెండింటి మీదా అతనికి చెప్పలేనంత చీదర.

"నూనెనా గది? తారు," అనేవాడు, ఎడమచేతితో చుక్కాని పట్టుకొని, కుడిచేతిని గాలిలో జాడిస్తూ. "వేడి చేస్తె తప్ప పైపుల కదలది. బంకర్ అంటరు దాన్ని. ఒడ్డు కనపడంగనే మంచి నూనెకు మారుస్తరు. ఒడ్డు కనుమరుగైందా, మల్ల బంకరే. సుట్టాలొచ్చినప్పుడు కొత్త దుప్పటి పరుస్తరు సూడు, గట్ల."

రోజూ మిరపకాయలు ఏరడానికి అవతలి ఒడ్డుకు పోయే కోయ ఆడవాళ్లలో పెద్దది ఆదెమ్మ. అడవిలో చెట్టుబంక గీసి సంతలో అమ్మటం కూడా ఆమెకు అలవాటే. ఈ ఉపన్యాసం మొదటిసారి విన్నప్పుడు ఆమె ముఖం వెలిగింది.

"అవ్ అన్నా, ఓడలు తాగేది మా బంకనేనా? గందుకేనా ఎంత తెచ్చినా చాలదంటరు!"

"మీ బంక గాదక్కా. బంకర్."

"ఏ చెట్టుది?"

తుల్సీరాం చుక్కానిని రెండు చేతులా పట్టుకున్నాడు. భూమి అడుగున నలిగిపోయిన పాతకాలపు అడవి గురించి చెప్పవలసి వచ్చేసరికి అతనికే దిక్కు తోచలేదు. "చచ్చిన చెట్లది," అని ముగించాడు. ఆనాటి నుంచి గుమ్మిడిరేవులో ఓడలు చచ్చిన చెట్ల బంకతో నడుస్తాయన్న మాట స్థిరపడింది. శాస్త్రం చదివినవాళ్లు దీన్ని ఖండించబోతే, కొంచెం ఆగి, తల గోక్కొని ఊరుకోవలసి వస్తుంది.

ఈ లాంచీ మెల్లదనాన్ని అందరికంటె ఎక్కువగా అసహ్యించుకున్నవాడు రామకృష్ణ. అవతలి ఒడ్డు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడు. ఎర్రుపాలెం వైపు మనిషి కావటంచేత మాటలో కోస్తా మెత్తదనం ఉండేది. కోపంలో అది కూడా ఉండేది కాదు. భార్య భార్గవి పాల్వంచ దవాఖానాలో నర్సు. ఇంట్లో ఇంకా బడి ఈడు రాని కూతురు. తెల్లవారగానే బస్సెక్కి గుమ్మిడిరేవు చేరి, లాంచీ దాటి, అవతలి రేవులో ఆటో ఎక్కి, వాగు చుట్టూ తిరిగి బడికి చేరాలి. తొమ్మిదింటిలోగా సెల్‌ఫోనుకు ముఖం చూపిస్తే హాజరు పడుతుంది. అంతకు ఒక్క నిమిషం దాటినా ఫోను ముఖం తిప్పుకుంటుంది. పూర్వం ఉపాధ్యాయుడు పిల్లల హాజరు తీసుకునేవాడు. ఇప్పుడు ఫోను ఉపాధ్యాయుడి హాజరు తీసుకుంటున్నది. ఆలస్యానికి సంజాయిషీ అడుగుతూ రెండు మెమోలు అప్పటికే వచ్చాయి. మూడోది వస్తే అడవి లోపలి బడికి డిప్యుటేషన్ తప్పదని పైనుంచి చెప్పారు. అంటే అక్కడే గది తీసుకొని ఉండటం. కూతురికి ఆదివారపు నాన్న కావటం.

అన్నిటికంటె కడుపుమంట ఏమిటంటే, లాంచీ ఎదురునీళ్లలో అవతలి రేవుకు పోయే దారిలోనే బడి ఉన్నది. బడిగట్టు ముందునుంచే లాంచీ పాకుతూ పోతుంది. ప్రార్థన గంట వినపడుతుంది. పిల్లలు చేతులు ఊపుతారు. రామకృష్ణ కూడా చేతులు ఊపేవాడు, మరో ఉద్దేశంతో.

"ఇక్కడ ఆపవయ్యా! దిగిపోతాను!"

"ఆపుతే మల్ల తియ్యాలె సారూ. ఆగిన ఇంజను లేపితే వచ్చే పొగ ఎంతుంటదో ఎరికేనా?"

"ప్రపంచంలో పొగంతా నీ లాంచీ నుంచే వస్తున్నట్టు మాట్లాడతావేందయ్యా?"

"ఓడలోళ్లు గదే అంటరు సారూ. మాలక్ ఒక దేశపోడు, జెండా ఇంకో దేశంది, పనోళ్లం మేము. పొగ ఎవలదిరా అంటే ముగ్గురు గల్సి ఆకాశం దిక్కు చూపిస్తరు."

"కొంచెం వేగం పెంచు, చాలు."

"వేగం సగం జేస్తే నూనె సగం గాదు, ఇంకా చానా తక్కువ తాగుతది ఇంజను. పెద్ద పెద్ద ఓడలే నేర్సుకున్నయ్ గా సంగతి. మీరు సదువుకున్నోళ్లు, మీకు జెప్పాల్నా?"

చదువుకున్నవాళ్లు అన్న మాట తగలగానే రామకృష్ణ పళ్లు నూరేవాడు. అతనికి లెక్కలంటే పడదు. సమాసాలను విడదీయగలడు కాని, నూనెను భాగాలు చేయలేడు.

తుల్సీరాం ఒడ్డున కూడా ఇంతే. అన్నం ముద్ద నోటిదాకా తీసుకుపోయేలోపు దానికి ఆకలి వేస్తుందని అతని భార్య ద్వాలి అనేది. "మా లగ్గం నాడు తండా అంత తయారై కూసుంటే గీయన వాగు దాటుతాండు," అని చెప్పుకొని ఇప్పటికీ నవ్వుతుంది. "పెండ్లికొడుకు యాడుండని మా అయ్య అడిగితే, కనపడుతాండు గని వస్తలేడని చెప్పిన్రంట."

రామకృష్ణ ఇక పట్టలేక మండల కార్యాలయానికి ఫిర్యాదు రాశాడు. పండితుడు కనుక అందమైన వాక్యాలు రాశాడు. "తుల్సీరాము నడుపు నావ మిక్కిలి నిమ్మళముగా సాగుచున్నది. దీనిని తమరు ప్రత్యక్షముగా పరిశీలింప ప్రార్థన." ఇంకా ఘాటుగా రాయవలసిందని భార్గవి అన్నది. ఘాటు చదువరికి అందాలి కాని రాసేవాడు పూయకూడదని అతడు సమాధానం చెప్పాడు. ఆ సమాధానం తరువాత అతనికి ఎంత మేలు చేయబోతున్నదో ఇద్దరికీ తెలియదు.

ఫిర్యాదు ఫైళ్లలో ఈదుతుండగానే రేవులోకి కొత్త బోటు దిగింది. దాని యజమాని గణేష్. పాల్వంచ మనిషి, అవతలి ఒడ్డున మిరపతోటలు కౌలుకు పట్టినవాడు. కూలి ఆడవాళ్లు తుల్సీరాం లాంచీలో దేకుతూ వచ్చేసరికి ఎండెక్కుతున్నదని అతని బాధ. కూలి రోజుకింత అని లెక్క. పని ఎంత ముందు మొదలైతే అంత అతనికి లాభం. అందుకని వెనుక రెండు ఇంజన్లు బిగించిన బోటు తెచ్చి, దాన్ని మెరిసే ఆకుపచ్చ రంగులో ముంచి, ప్రక్కన రెండు ఆకులు గీయించి, పెద్ద అక్షరాలతో పేరు రాయించాడు: పర్యావరన హిత నౌక.

రామకృష్ణ ఆ పేరు చూసి నిలువునా వణికాడు. పర్యావరణంలో ణకారం ఉండాలి. ఉన్న ఒక్క ణకారాన్ని మొదటిరోజే నీళ్లలో వదిలేసినవాడు తక్కిన పర్యావరణాన్ని ఎంతకాలం ఉంచుతాడు? కాని మూడో మెమో భయం వ్యాకరణం కంటె పెద్దది. కళ్లు మూసుకొని ఎక్కాడు.

"ఇది గ్రీన్ బోటు సార్," అన్నాడు గణేష్, రెండు ఇంజన్లూ దడదడలాడుతుంటే అరుస్తూ. "రంగు చూసిన్రు గద!"

"పొగ నల్లగా వస్తున్నదేమయ్యా?"

"పొగకు రంగు ఎయ్యనీకి రాదు గద సార్!"

బోటు రివ్వున పోయింది. పెట్రోలు వాసనకు కళ్లనీళ్లు కారాయి. అల ఎగిరి గట్టుమీద ఎవరో ఆరేసుకున్న వలను ఈడ్చుకుపోయింది. బడిగట్టు కనపడ్డదీ లేదు. కనపడేలోపు వెనక్కి పోయింది. రామకృష్ణ అవతలి రేవులో విజయగర్వంతో దిగి ఆటోలో కూర్చున్నాడు. కూర్చొని, కూర్చొనే ఉన్నాడు.

"పోనియ్యవయ్యా!"

"నిండలే గద సార్," అన్నాడు ఆటో అతను.

"ఎప్పుడు నిండుద్ది?"

"లాంచీ రావాలె."

నది మీద, ఎక్కడో దూరంగా, ఒక చుక్క. ఆ చుక్క తుల్సీరాం. దాన్ని చూస్తూ రామకృష్ణ ఒక చాయ తాగాడు. చుక్క చుక్కగానే ఉన్నది. ఇంకో చాయ తాగాడు. చివరికి లాంచీ వచ్చి, జనం దిగి, ఆటో నిండి బయలుదేరేసరికి రోజూ అయ్యే వేళే అయింది. దిగుతున్నవాళ్ల మధ్యనుంచి తుల్సీరాం పలకరించాడు.

"ఓడలు గూడ గింతే సారూ. ఉరికిచ్చి ఉరికిచ్చి తోల్తరు. రేవు కాడికి పోతే జాగ ఖాళీ ఉండది. బయట లంగరేసుకొని దినాలకు దినాలు నిలబడుడు. తాగిన నూనె తాగుడే, పీల్చిన పొగ పీల్చుడే. చాయ మంచిగున్నదా?"

రామకృష్ణ ఆటోలో ముఖం అటు తిప్పుకున్నాడు. తప్పు తనదని తోచినప్పుడు మనిషికి ఎదుటివాడి మీద కోపం రెట్టింపవుతుంది. గణేష్ బోటే రావాలి, ఆటోలు కూడా దాని వేళకే రావాలి, ఈ లాంచీ పూర్తిగా పోవాలి అని తీర్మానించుకున్నాడు. గణేష్ కూడా ఊరుకోలేదు. పొద్దుటి ప్రయాణం ఇకమీదట ఒకే పడవకు ఇవ్వాలని, అది తన బోటే కావాలని పైవాళ్ల చుట్టూ తిరిగాడు. ఇద్దరి కాగితాలూ కలిసి మండల అధికారిని కదిలించాయి. శనివారం రేవులోనే విచారణ అన్నారు.

దానికి రెండురోజుల ముందు రామకృష్ణకు నిధి దొరికింది. పొద్దుటి తరగతుల మధ్య బడిగట్టు మీద నిలబడి ఉండగా, జనాన్ని దించివచ్చిన తుల్సీరాం లాంచీ ఖాళీగా వెనక్కి పోతూ కనపడ్డది. కనపడటమేమిటి, దూసుకుపోయింది! ముక్కు పైకెత్తి, ఇరువైపులా నీళ్లు చీల్చుకుంటూ, తోకలా నల్లటి పొగ వదులుతూ, అదీ వాలునీళ్లలో, పరుగెత్తవలసిన పనే లేనిచోట. ముఖం మీద తొందర రాసిపెట్టిన తుల్సీరాం చుక్కాని దగ్గర వంగి నిలబడి ఉన్నాడు.

"దొరికావయ్యా!" అన్నాడు రామకృష్ణ బిగ్గరగా. మనుషులున్నప్పుడు పర్యావరణం, మనుషులు లేనప్పుడు పరుగు. ఇన్నాళ్లూ విన్న బంకరు కథలన్నీ కపటం. ఇంతకంటె తీయని కోపం పండితుడి జీవితంలో రాలేదు.

మరునాడు గణేష్ బోటు ఇసుకలో దిగబడి నడవలేదు. అదీ ఒకందుకు మంచిదే అనుకొని రామకృష్ణ లాంచీ ఎక్కాడు. నిందితుణ్ణి ముఖాముఖి నిలదీసి, ఆ తరువాతే సభలో దులపాలి. ముందువరసలో కూర్చోవటం మానుకొని, కూలివాళ్ల మధ్యనుంచి కాళ్లు దాటుకుంటూ వెనుకకు, చుక్కాని దగ్గరికి పోయాడు. ఏనాడూ అటు పోయినవాడు కాదు. ముందు కూర్చుంటే ముందు చేరుతానన్న భ్రమ అతనిది.

"నిన్న చూశాను," అన్నాడు గట్టిగా.

తుల్సీరాం ఉలిక్కిపడ్డాడు. వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. "మెల్లగ, సారూ."

"ఎందుకు మెల్లగా? నిజం బయటపడుద్దనా? ఖాళీ లాంచీని అంత వేగంగా తోలావే, అప్పుడు రాదా పొగ?"

"సారూ, మెల్లగ. లేస్తరు."

రామకృష్ణ కోపంలోనూ వ్యాకరణం చూశాడు. అలవాటు అలాంటిది. వాక్యంలో క్రియ మాత్రమే ఉన్నది, కర్త లేదు. లేస్తరు. ఎవరు? కర్త కోసం అతడు వెనక్కి తిరిగాడు.

లాంచీ నిండా కర్తలే. మిరపకాయలు ఏరడానికి పోయే ఆడవాళ్లు ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి, ఒడిలో సద్దిగిన్నెలు పెట్టుకొని నిద్రపోతున్నారు. ఆదెమ్మ నోరు తెరిచి గురక పెడుతున్నది. ఆ పక్కనున్న పడుచు కొంగును కాళ్లదాకా కప్పుకొని ముడుచుకున్నది. వీళ్లు కోడి కూయకముందే లేచి, నీళ్లు మోసి, వండి, పిల్లలకు పెట్టి, అడవిదారిన నడిచి రేవు చేరినవాళ్లు. మళ్లీ చీకటిపడ్డాక గాని ఇల్లు చేరనివాళ్లు. ఇంజను చప్పుడు కూడా ఉయ్యాల కిర్రులాగానే ఉన్నది. ఇన్నాళ్లూ వాళ్ల ముందు కూర్చొని, నదినీ గడియారాన్నీ చూస్తూ, పండితుడు ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

"జోరుగ పోతే ఇంజను ఊపుతది. కన్ను మూతపడది," అన్నాడు తుల్సీరాం గొంతు తగ్గించి, తప్పు చేసి దొరికినవాడిలా. "ఓడల మాది గదే గతి. నాలుగు గంటల డ్యూటీ, తర్వాత పడక. పడక కిందనే ఇంజను. జోరుగ తోలినన్ని దినాలు పండ్లు కొట్టుకుంట పండుడే. ఒక ఏడు నూనె పిరమైందని కంపెనీ మెల్లగ పోన్రి అన్నది. సారూ, గా ఏడు పండినం సూడు! కంపెనీకి నూనె మిగిలింది, సముద్రానికి పొగ తగ్గిందని పేపర్ల రాసుకున్నరు. మా నిద్ర సంగతి మాత్రం ఎవ్వడు రాయలే."

"మరి ఇన్నాళ్లూ పొగ, పొగ అని మా ప్రాణాలు తీశావు గదయ్యా?"

"పొగ అబద్ధమా? అది గూడ నిజమే. రెండు నిజాలున్నప్పుడు పెద్దమనుషులకు నచ్చేది పైకి చెప్పాలె. ఆడోళ్ల నిద్ర కోసం మెల్లగ పోతున్ననంటే గణేష్ ఊకుంటడా? బద్ధకపు ముండలని వీళ్లనే తిడతడు. పొగ అంటే నన్ను పిచ్చోడంటడు. అంతే గద."

"ఖాళీ లాంచీ?"

తుల్సీరాం తల వంచుకున్నాడు. "అండ్ల నిద్రపొయ్యేటోళ్లు లేరు. జల్దీ పోతే రెండో ట్రిప్పోళ్లు ఎండల నిలబడకుంట ఉంటరు. గా పొగ తప్పు నాదే సారూ. అది ఒప్పుకుంట."

రామకృష్ణ అక్కడే చుట్టచుట్టిన తాడు మీద కూర్చున్నాడు. ఆలస్యమైంది. మెమో వచ్చేదే, ప్రధానోపాధ్యాయురాలు శనివారం దాకా చూద్దామని ఆపిపెట్టింది. విచారణలో లాంచీ పోతే పండితుడు నిలుస్తాడు. లాంచీ నిలిస్తే పండితుడు పోతాడు. ఇంత సరళమైన ద్వంద్వం అతడు ఏ వ్యాకరణంలోనూ చూడలేదు.

శనివారం రేవులో షామియానా వేశారు. కుర్చీలో మండల అధికారి, పక్కన కొబ్బరినీళ్లు. గణేష్ తన బోటుకు పూలదండ వేయించి, రెండు మొక్కల కుండీలు కూడా దానిమీద పెట్టించాడు. ఆడవాళ్లు నేలమీద కూర్చున్నారు. గణేష్ తోటలో రేపు పని కావాలి కనుక ఒక్కరూ నోరు విప్పలేదు. తుల్సీరాం లేచి ఓడల గురించి మొదలుపెట్టాడు. పొగను నీళ్లతో కడిగి, ఆ నీళ్లను సముద్రంలో పోసి, పొగ శుభ్రమైందని సంబరపడే ఓడల దాకా వచ్చేసరికి జనం నవ్వారు.

"సముద్రం సంగతి ఇక్కడెందుకయ్యా?" అన్నాడు అధికారి. "ఫిర్యాదు ఇచ్చిన పండితులు గారు మాట్లాడాలి."

రామకృష్ణ లేచాడు. గణేష్ చప్పట్లు కొట్టాడు. ఆదెమ్మ నేలకేసి చూసింది.

"అయ్యా," అన్నాడు రామకృష్ణ, గొంతు సవరించుకొని, "యంత్రచోదిత నౌకల ధూమోద్గారము వాటి గమనవేగముతో ఉద్ధృతమగుచున్నదని జగద్విదితము. మందగమనమే ఇంధనమితవ్యయమునకును, తీరసంరక్షణకును, జలచరసౌఖ్యమునకును మూలకారణము. తుల్సీరాము అవలంబించునది మహానౌకలు సైతము శిరసావహించిన మార్గము."

అర్థం కానిదాన్ని కాదనటం అధికారులకు అలవాటు లేదు. ఆయన గంభీరంగా తల ఊపాడు.

గణేష్ ఎగిరి లేచాడు. "సార్! కంప్లైంట్ రాసింది మీరే గద! గట్లెట్ల మాట మారుస్తరు?"

"నేనే రాశాను. చదవండి, ఏం రాశానో."

అధికారి కళ్లద్దాలు సర్దుకొని చదివాడు. "మిక్కిలి నిమ్మళముగా సాగుచున్నది..."

"నిమ్మళము అనగా స్వస్థత, నెమ్మది, కలత లేకుండుట. నిఘంటువు తెప్పించుకోండి. అది ఫిర్యాదని ఎవరన్నారు? ప్రశంస. తమరు ప్రత్యక్షంగా చూసి ఆనందించాలని ప్రార్థించాను. అంతే."

ఆదెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. ఆమె వెనుక వరసంతా భుజాలు కదిలాయి.

"మరి గా బోటు?" అన్నాడు అధికారి, చేతిలోని కాగితాలతో ఆకుపచ్చ బోటు వైపు చూపిస్తూ. "అదీ పర్యావరణ హితమే అని రాసుకున్నారు గదా?"

"పర్యావరణం కాదండి. పర్యావరన. దగ్గరికి పోయి చూడండి. అది వేరే పదార్థం."

పొద్దుటి ప్రయాణం తుల్సీరాంకే ఉంచారు. గణేష్ కుండీలు దింపించుకొని, బోటును విహారానికి వచ్చేవాళ్ల కోసం దిగువకు తోలుకుపోతానని శపథం చేశాడు. విహారం అన్న మాటను కూడా దానిమీద రాయించాడు, వకారం కింద ఒత్తు చేర్చి. పోనీయండి, అన్నిటికీ బాధపడుతూ కూర్చోవటానికి మనిషికి ఒకటే గుండె.

జనం చెదిరిపోయాక రామకృష్ణ ఒంటరిగా మిగిలాడు. గెలిచినవాడి ముఖం మీద ఓడినవాడి రంగు ఉన్నది. తుల్సీరాం వచ్చి పక్కన నిలబడ్డాడు. కృతజ్ఞత చెప్పటం కూడా అతని పద్ధతిలో తొందరపాటే కనుక చాలాసేపు చెప్పలేదు.

"గా పెద్ద పెద్ద మాటలల్ల నన్ను తిట్టలే గద, సారూ?"

"లేదులే. నా సంగతే ఆలోచిస్తున్నాను. సోమవారం ఆలస్యమైతే మెమో. అది వస్తే అడవి లోపలికే."

"ఎందుకయితది? బడి కాడ దిగుండ్రి."

"ఆపనన్నావు గదా?"

"ఆప. ఆపితే కుదుపుకు ఆడోళ్లు లేస్తరు. ఇంజను సన్నం జేస్త. ఎదురునీళ్లు లాంచీని పట్టుకుంటయ్. అప్పుడు మీరు దిగుడే. ఉరికే బోట్ల నుంచి దిగొస్తదా ఏంది? మెల్లగ పోతేనే గద దిగనీకి వచ్చేది!"

సోమవారం పొద్దున బడిగట్టు దగ్గర ఇంజను గొంతు తగ్గింది. గోదావరి లాంచీని అరచేతితో ఆపినట్టు ఆపింది. పండితుడు చెప్పులు ఒక చేతిలో, సంచి నెత్తిమీద, ప్యాంటు మోకాళ్ల పైకి మడుచుకొని నీళ్లలోకి దిగాడు. లాంచీలో ఒక్కరూ కదలలేదు. ఆదెమ్మ గురక కూడా తెగలేదు. తుల్సీరాం చుక్కాని దగ్గరనుంచి చెయ్యెత్తాడు, అది పూర్తిగా పైకి లేచేలోపు లాంచీ వంపు తిరిగిపోయింది.

గట్టెక్కేసరికి ప్రార్థన గంట ఇంకా కొట్టలేదు. రామకృష్ణ బురదకాళ్లతోనే వరండాలో నిలబడి ఫోను ఎత్తి ముఖం చూపించాడు. ముఖం గుర్తించబడలేదు అన్నది ఫోను. తుడిచి మళ్లీ చూపించాడు. గుర్తించబడలేదు. వెలుగులోకి వచ్చి, కళ్లద్దాలు తీసి, పెట్టి, అటు తిరిగి, ఇటు తిరిగి చూపించాడు. తొమ్మిదికి ముల్లు జరుగుతున్నది.

మధ్యాహ్న భోజనం వండే రూప్లి పొయ్యి రాజేస్తూ ఇదంతా చూసింది. లేచి వచ్చి ఫోనులోకి తొంగిచూసింది, పండితుడి ముఖంలోకి తొంగిచూసింది.

"నవ్వుతాన్రు గద, సారూ! గందుకే పడ్తలేదు. రోజు లెక్క మొఖం మాడ్చుకోండ్రి."

రామకృష్ణ ఎంత ప్రయత్నించినా ముఖం మాడలేదు. చివరికి కళ్లు మూసుకొని పర్యావరన అన్న మాటను ఒకసారి తలచుకున్నాడు. హాజరు పడింది.